నగల స్టాళ్ల పక్కన ఒక తెర

తెలుగు మహాసభలకు వెళ్లిన వాళ్లందరికీ తెలిసిన సంగతే. సాహిత్య సదస్సు ఏ మూల గదిలో ఉందో వెతుక్కోవాలి గానీ, నగల స్టాళ్లను వెతుక్కునే పని లేదు. గుమ్మంలోనే ఎదురవుతాయి. వేదిక మీద సినిమా తారలు, హాలు నిండా బంగారం. వీటి మీద నాకు పగేమీ లేదు. పెళ్లిళ్లకు కాసులపేరు చేయించిన ఇంటివాళ్లమే మేమూ. అయితే సినిమా, బంగారం కలిసే చోటు మరొకటి ఉంది. దాన్ని మన సభల్లో చూపించాలని నా కోరిక.

బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో తపజోస్ నది అమెజాన్‌లో కలుస్తుంది. ఆ నది ఒడ్డున సావ్రే ముయిబు అనే అటవీ ప్రాంతం ముండురుకు ఆదివాసులది. హద్దులు తేల్చమని ప్రభుత్వాన్ని అడిగి అడిగి విసిగిపోయి, 2014లో వాళ్లే అడవిలో దారులు కొట్టుకుంటూ, సర్కారు బోర్డుల్లాంటివి పెట్టుకుంటూ వెళ్లారు. అల్దీరా అకాయ్, బెకా ముండురుకు, రిల్సేలియా అకాయ్ అనే ముగ్గురు యువతులు అక్కడ ‘దాజే కపప్ ఎయ్‌పి’ అనే వీడియో బృందాన్ని నడిపిస్తున్నారు. దొంగ కలప కొట్టేవాళ్లు, బంగారం తవ్వేవాళ్లు అడవిలో చొరబడితే ఆ ఆనవాళ్లన్నీ వాళ్ల కెమెరాకు ఎక్కుతాయి.

ఆడవాళ్లే ఎందుకు ముందుకొచ్చారో తెలియాలంటే బంగారం ఎలా తీస్తారో చూడాలి. ఒండ్రులో నలుసులుగా ఉండే బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్ద చేస్తారు. ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆ పాదరసం చివరికి చేరేది నీళ్లలోకే. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే, ఒంట్లో పేరుకుపోయే విషంగా మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకు, చేప నుంచి తల్లికి, తల్లి నుంచి కడుపులోని బిడ్డ మెదడుకు. 2019లో బ్రెజిల్ ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఫియోక్రూజ్ పరిశోధకులు ఇక్కడి మూడు గ్రామాల్లో జుట్టు నమూనాలు తీసి పరీక్షిస్తే, పాదరసం లేని మనిషి ఒక్కరూ తేలలేదు. పదిమందిలో సుమారు ఆరుగురికి అది సురక్షిత పరిమితి దాటింది. రోజూ తినేది చేపే. పిల్లలకు అది వండిపెట్టాలా, మానాలా అన్న ప్రశ్న పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికే ముందుగా ఎదురవుతుంది.

వీళ్ల నేలను ముంచబోయిన సావో లూయిస్ దో తపజోస్ డ్యామును 2016లో పక్కన పెట్టారు. ఈ తెగ నాయకురాలు అలెసాండ్రా కొరాప్ ముండురుకు నడిపిన పోరాటంతో 2021లో ‘ఆంగ్లో అమెరికన్’ అనే గనుల కంపెనీ 27 ఖనిజాన్వేషణ అనుమతులను వదులుకుంది. ఆమెకు 2023లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 2024 సెప్టెంబరులో సావ్రే ముయిబు ముండురుకులదేనని బ్రెజిల్ న్యాయశాఖ మంత్రి ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఇదంతా కెమెరా మహిమేనని నేననను. ఉత్తరాలు, ధర్నాలు, కోర్టులు ఉన్నాయి, ప్రాణభయమూ ఉంది. 2021 మేలో మరియా లెవుజా ముండురుకు అనే నాయకురాలి ఇల్లు తగలబెట్టారు. అయినా, అడవిలో ఎవరూ చొరబడలేదని పట్నంలో కూర్చుని చెప్పే అధికారి నోరు మూయించడానికి తేదీతో సహా ఉన్న వీడియోను మించింది ఏముంది?

ఇక బంగారం సంగతి. 2013 నాటి బ్రెజిల్ చట్టం ప్రకారం, సరుకు ఫలానా చోటి నుంచి వచ్చిందని అమ్మేవాడు కాగితం రాసిస్తే చాలు, కొన్నవాడు మంచి మనసుతో కొన్నట్టే లెక్క! 2023 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆపేదాకా ఇదే తంతు. కరిగాక బంగారానికి ఊరూ పేరూ ఉండవు. మన స్టాల్లోని హారంలో తపజోస్ బంగారం ఉందని నేను చెప్పలేను. లేదని రూఢిగా చెప్పగల దుకాణదారు నాకింకా తారసపడలేదు.

‘పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన కోయలు, కొండరెడ్లను వదిలేసి బ్రెజిల్ దాకా ఎందుకు?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన మాటే. పాపికొండల లాంచీ మీద మనం తీసుకున్న వీడియోలు కోకొల్లలు. వాటిలో గట్టు మీద నిలబడ్డ కొండరెడ్డి ఆడపడుచు వెనకాల కనిపించే దృశ్యంలో ఒక భాగం, అంతే. ఆమె తీసిన సినిమా ఏదైనా దొరికితే ముందు అదే వేద్దాం. రెండూ వేసినా హాలు అద్దె పెరగదు.

నేనడిగేది చిన్నదే. వచ్చే సభల్లో నగల స్టాళ్లున్న హాల్లోనే, వాటి పక్కన, ఒక తెర కట్టి ఆ ముండురుకు యువతుల వీడియోలు వేయాలి. అనుమతి అడిగి, ప్రదర్శన రుసుము నేరుగా ఆ బృందానికే పంపాలి. తెలుగు సబ్‌టైటిళ్లు రాయడానికి మన తెలుగు బడి పెద్ద తరగతి పిల్లలు ఉండనే ఉన్నారు. స్టాళ్లవాళ్లు నొచ్చుకుంటారని ఒక మిత్రుడు అప్పుడే హెచ్చరించాడు. నొచ్చుకోనివ్వండి. వాళ్లు కట్టే అద్దెలోంచే ఆ రుసుము ఇద్దాం.