గోరింట కంచె నరికేసి, పిట్టలు వచ్చే ఏడు వస్తాయంటారా?

పొద్దున్న ఏడింటికి మా అపార్ట్‌మెంట్ వెనక గోరింట కంచెని సగం దాకా మొదలంటా నరికించేశారు. అందులో పిగిలిపిట్ట గూడుంది. మూడు గుడ్లు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. నెల రోజులు ఆగలేకపోయారా?

అసోసియేషన్ పెద్దాయన్ని అడిగితే "ఏటమ్మా, పిట్టలకి చెట్లు కరువా? ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తాయి" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పక్షుల లెక్కింపుకి అదే మేడ మీద, అదే వేళకి నిలబడి పిట్టల్ని రాసుకునేదాన్ని నేను. ఒక ఏడు తగ్గడం, ఇంకో ఏడు పెరగడం నాకు తెలీదా? చలికాలపు వలస పిట్టలు అన్నేళ్లూ ఒకేలా రావు. అందుకే ఒక్క ఏడాది చూసి గుండెలు బాదుకోను. కానీ కంచె కొట్టేసి గచ్చు పోస్తే అది మళ్లీ చిగురించదండీ! పిగిలిపిట్టకీ, ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఆ బుల్లిపిట్టకీ మా వీధిలో మిగిలిన పొద అదొక్కటే. ఏసీ డబ్బాల మీద పావురాల్ని చూపించి "పక్షులు బోలెడున్నాయి కదా" అంటే నేనేం చెప్పను? 2023లో దేశం మొత్తం పక్షుల మీద వచ్చిన నివేదికలోనూ ఇదే కథ: పావురాలు పెరిగాయి, పాలపిట్ట పడిపోయింది. దసరాకి దండం పెట్టుకుందామని వెతికే పాలపిట్ట!

అసలు నా కడుపుమంట 2014 అక్టోబర్ 12 నాటిది. హుద్‌హుద్ తుఫానుకి విశాఖ సీతమ్మధారలో మా అమ్మావాళ్ల మేడిచెట్టు కూలిపోయింది. పండ్ల కాలంలో కోకిలలు, గోరింకలు, కంసాలి పిట్టలు, తెల్లారకముందే గోల. ఆ తర్వాత ఊరంతా ఏం నాటారు? ఏడాకుల చెట్లు, కోనోకార్పస్. త్వరగా పెరిగి పచ్చగా కనబడితే చాలన్నారు. ఏడాకుల చెట్టు పూస్తే ఆ ఘాటుకి మా అమ్మకి ఆయాసం. కోనోకార్పస్ మీద వాలి కాయ తిన్న పిట్టని ఇన్నేళ్లలో ఒక్కదాన్నీ చూడలేదు. రావి, మర్రి, మేడి వీధికొకటి నాటినా ఈపాటికి కాపుకొచ్చేవి కదా!

పిగిలిపిట్టలు రెండూ ఇప్పటికీ కేబుల్ వైరు మీద కూర్చుని కిందకి చూస్తూ అరుస్తున్నాయి. మిగతా సగం రేపు కొడతారట, ఏడింటికే. ఆరున్నరకల్లా అక్కడ నిలబడతాను. మా వీధివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే రండి.