చూపించం, ఎందుకంటే మీరు చూడరు

టీవీ చానళ్లను ఆడిపోసుకోవడం మనవాళ్లకి అలవాటైపోయింది. ముఖ్యమైన ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూపించరట. చూపించినా ఏ చానల్లోనో ముందు చెప్పరట. తీరా దొరికాక ఇంకో ప్యాక్ కట్టమంటారట. ఇవన్నీ కృతజ్ఞత లేని మాటలు. చానళ్ల నిర్ణయాల వెనక ఎంత గట్టి తర్కం ఉందో హైదరాబాదు ప్రజలకు వివరించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోక తప్పదు.

ఆ తర్కం ఇదీ. తెలుగువాళ్లు ఫుట్‌బాల్ చూడరు, కాబట్టి చూపించరు. చూడరని ఎలా తెలిసింది? చూసినవాళ్ల లెక్క తీశారు, పెద్దగా ఎవరూ తేలలేదు. ఎందుకు తేలలేదు? చూపిస్తే కదా! దీంట్లో వంక పెట్టడానికి సందు లేదు. ఫలక్‌నుమాలో మెట్రో ఎక్కినవాళ్లు కూడా ఇంతవరకు ఒక్కరూ లేరు మరి. పాతబస్తీలోని ఆ ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన మెట్రో రైలు 2020లో ఎంజీబీఎస్ బస్టాండు దాకా వచ్చి అక్కడే ఆగిపోవడం ఎంత ముందుచూపో చూడండి.

చరిత్ర తవ్వేవాళ్లు కొందరు ఉంటారు. మన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ కొట్టిందంటారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ హైదరాబాదీయేనంటారు. ఆ జట్టులో మన ఊరివాళ్లు ఎంతమందో వేళ్లు మడిచి చెబుతారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చింది కూడా ఆయన తయారు చేసిన జట్టేనని గుర్తు చేస్తారు. అంతా నిజమే. కానీ వీళ్లు ఒక్క సంగతి మర్చిపోతారు. అప్పుడు హైదరాబాదులో టీవీయే లేదు! ఒక్క మ్యాచ్ కూడా చూపించని రోజుల్లో మనం ఆసియా విజేతలం. చూపించడం మొదలుపెట్టాక ఏమయ్యామో వేరే చెప్పాలా? పాపం చానళ్లు ఆ స్వర్ణయుగాన్ని తిరిగి తేవాలని చూస్తుంటే మనం అడ్డుపడుతున్నాం.

2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి దేశీ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచినప్పుడు చానళ్లకి కాస్త ఇబ్బందైన మాట వాస్తవం. తర్వాత ఆ జట్టే పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయి వాళ్ల తలనొప్పి తగ్గించింది.

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. 2007లోనే తెచ్చారు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సెమీస్, ఫైనల్ లాంటి ముఖ్యమైన ఆటలను ప్రైవేటు చానళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలి. ఆ పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత ట్రాన్స్‌మిటర్లలో, దాని ఉచిత డిష్ సేవ ఫ్రీ డిష్‌లో మాత్రమే రావాలి తప్ప కేబుల్లో రాకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే చట్టం మీకు మ్యాచ్ ఇచ్చింది, మీరే నెలనెలా డబ్బు కట్టి కేబుల్ పెట్టించుకుని దాన్ని పోగొట్టుకున్నారు.

మా కేబుల్ కుర్రాడిని అడిగాను. "ఫుట్‌బాల్ ఎవరు చూస్తరు సార్?" అన్నాడు. నిపుణుడి మాట కాబట్టి నోరు మూసుకున్నాను. మర్నాడు బిల్లుకొచ్చి, గేటు దగ్గరే చిన్నగా "రాత్రి మెస్సీ గెల్చిండా సార్?" అని అడిగాడు.

మెస్సీ ఆడుతున్న ఆ రాత్రి మా స్పోర్ట్స్ చానల్లో ఏమొస్తోందనుకున్నారు? 2011 వరల్డ్ కప్ ఫైనల్. క్రికెట్‌దే. ధోనీ సిక్స్ కొట్టబోతున్నాడు. ఈసారైనా బౌండరీ దగ్గర ఎవరైనా క్యాచ్ పడతారేమో అన్న టెన్షన్‌తో చూశాను. పట్టలేదు.

యాప్‌లో చూడొచ్చు కదా అనేవాళ్లున్నారు, చూశాం. అమెరికాలో వరల్డ్ కప్ మ్యాచ్ అంటే మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకో, తెల్లవారుజామున మూడున్నరకో. ఫోన్ దుప్పట్లో పెట్టుకుని పెనాల్టీ కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటే బొమ్మ గిర్రున తిరుగుతుంది. ఈలోగా పై వాటా అబ్బాయి "గోల్!" అని అరుస్తాడు. వాడి ఇంటర్నెట్ మనకంటే అర నిమిషం ముందుంటుంది. మన ఆటగాడు ఇంకా బంతిని చుక్క మీద పెట్టనైనా లేదు. ఫలితం ముందే తెలిసిపోతే బీపీ పెరగదు కాబట్టి ఇది కూడా ప్రేక్షకుల ఆరోగ్యం కోసమే అనుకోవాలి. కాకపోతే వాణిజ్య ప్రకటన మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకుండా, అద్దంలా స్పష్టంగా వస్తుంది. ఆ సాంకేతిక నిపుణులెవరో గానీ వాళ్లకి దండం పెట్టాలి.

ఇంత మంచి సిద్ధాంతాన్ని ఒక్క ఫుట్‌బాల్‌కే పరిమితం చేయడం అన్యాయం. క్రికెట్‌కి కూడా ఒకసారి వర్తింపజేయాలని చానళ్లకి నా విన్నపం. ఒక్క ఐపీఎల్ సీజన్ ఎక్కడా చూపించకండి. ఏ చానలో చెప్పకండి, ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న సంగతి ఉప్పల్‌వాళ్లకి కూడా తెలియనివ్వకండి. ఆఖర్న చూసినవాళ్ల లెక్క తీయండి. సున్నా వస్తుంది. అప్పుడు సాయంత్రాలు ఖాళీ అవుతాయి కదా, వాటిలో ఏం వేయాలో ఫుట్‌బాల్ పిచ్చున్న మన పాతబస్తీ బార్కస్ కుర్రాళ్లని అడగండి.