అమెరికా యూనివర్సిటీల్లో ఆటలు చదువుని పోషిస్తున్నాయా? బిల్లు తీసి చూద్దాం

వాట్సాప్‌లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "అమెరికాలో యూనివర్సిటీలు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మీద వేల కోట్లు సంపాదిస్తాయి. ఆ లాభంతోనే ల్యాబులు, లైబ్రరీలు నడుస్తాయి. విద్యార్థి జేబులోంచి ఒక్క డాలరు కూడా పోదు. మనవాళ్లకు ఈ తెలివి ఎప్పుడొస్తుందో!" నిన్న మా బాబాయి కూడా పంపాడు, కింద మూడు చప్పట్లతో. ఫోన్లో చెబితే తెమిలేది కాదని ఇక్కడ రాస్తున్నా.

"ఒక్క డాలరు కూడా పోదు" దగ్గరే మొదలుపెడతా, ఎందుకంటే నా జేబులోంచి పోయింది. ఎమ్మెస్ మొదటి సెమిస్టర్‌లోనే అసిస్టెంట్‌షిప్ దొరికింది, ట్యూషన్ మాఫీ. ఇంట్లో పండగ. తీరా స్టూడెంట్ అకౌంట్ తెరిస్తే బాకీ కనబడుతోంది. మాఫీ అయింది ట్యూషనే, ఫీజులు కాదు. హెల్త్, టెక్నాలజీ, బస్సు, జిమ్ అని వరసగా ఉన్నాయి. వాటి కింద ఇంకో లైను: ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్. అదీ జిమ్మే అనుకున్నా. రూమ్మేట్ నవ్వాడు. "జిమ్ము పై లైను రా. ఇది ఫుట్‌బాల్ టీముకి." అప్పటికి ఆ స్టేడియం గేటు ఎటు వైపుందో కూడా నాకు తెలీదు. రెండేళ్లలో ఒక్క మ్యాచ్‌కి వెళ్లి సగంలో లేచొచ్చా. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు; నాలుగడుగులు పరిగెత్తి నాలుగు నిమిషాలు ఆగే ఆట, మనకి ఎక్కలేదు.

నేను కట్టింది చిన్న మొత్తం. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో ఈ ఒక్క పద్దు కిందే డిగ్రీ విద్యార్థి దగ్గర ఏడాదికి 2,000 డాలర్లకు పైగా వసూలు చేస్తూ వచ్చారు. నాలుగేళ్లకి 8,000 పైచిలుకు. అప్పు చేసి చదివేవాడికి దాని మీద వడ్డీ అదనం. ఈ పోకడ చూసి వర్జీనియా చట్టసభ 2015లో ఓ హద్దు పెట్టింది. అథ్లెటిక్స్ బడ్జెట్‌లో విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ ఇచ్చే సొమ్ము కలిపి పెద్ద లీగుల్లో ఆడేవాళ్లకు 20 శాతం, దాని కింది స్థాయి ఫుట్‌బాల్‌కి 55 శాతం, ఇంకో మెట్టు కిందున్నవాళ్లకు 70 శాతం దాటకూడదు. 70 శాతమన్నది రాయితీ కాదు, కట్టడి! ఆటే యూనివర్సిటీని పోషిస్తుంటే ఇలాంటి కట్టడితో పనేముంది?

ఇక "వేల కోట్లు". వసూళ్లు నిజమే, కాదనను. మార్చిలో జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ టీవీ హక్కులకే ఏడాదికి సగటున 110 కోట్ల డాలర్లు. కానీ గ్రాస్ వేరు, షేర్ వేరు. పోస్టర్ మీద గ్రాస్ చూసి నిర్మాత బాగుపడ్డాడనుకుంటే ఎలా? కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారమే 2019లో సుమారు 1,100 సభ్య సంస్థల్లో ఆటల మీద ఖర్చు కంటే రాబడి ఎక్కువ తెచ్చుకున్నవి 25. మిగతా చోట్ల లోటు ఎవరో ఒకరు పూడ్చాలి.

పూడ్చే పద్ధతే అసలు తమాషా. అథ్లెటిక్స్ విభాగం పద్దుల్లో విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ సాయం కూడా "రాబడి" కిందే రాస్తారు. టికెట్లు, టీవీ, విరాళాల పక్కనే ఇవీ ఉంటాయి. ఏడాది చివర రాబడి, ఖర్చు సరిపోయాయని చూపిస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసి, పైగా పద్దు రాసుకున్నట్టు.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఖర్చంతా దుబారా కాదు. స్కాలర్‌షిప్పులు ఇందులోనే ఉన్నాయి. ఈత, కుస్తీ, అమ్మాయిల జట్లు చాలా వరకు టికెట్లతో నడిచేవి కావు. వాటిని నడపడంలో తప్పేమీ లేదు. నాకు గుచ్చుకునేది కోచ్‌ల మార్కెట్. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని ఒప్పందం ముగియకముందే తీసేసి, తీసేసినందుకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి సిద్ధపడింది. ఆ సంస్థకి దాతలున్నారు, చెల్లుతుంది. కానీ పైవాళ్లు పాడిన పాటని బట్టి కింది స్థాయిలోనూ ధర పెరుగుతుంది. అక్కడ దాతలుండరు, ఫీజు కట్టే పిల్లలుంటారు.

"లాభంతో ల్యాబులు నడుస్తాయి"? కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో నడిచింది తలకిందులుగా. 1923 నాటి మెమోరియల్ స్టేడియం సరిగ్గా హేవర్డ్ భూకంప పగులు మీద ఉంది. దాన్ని బాగుచేయించడానికి 30 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. ఖరీదైన సీట్ల హక్కులు ఏళ్లకేళ్లకి అమ్మి అప్పు తీరుద్దామనుకున్నారు. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. చివరికి 2018లో ఆ అప్పులో సగానికి పైగా యూనివర్సిటీయే నెత్తిన వేసుకుంది.

కొందరు ఇంకో మాటంటారు: విద్యార్థులే ఓటేసి ఒప్పుకున్నారుగా అని. కొన్నిచోట్ల నిజమే. శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ యూనివర్సిటీలో 2007లో ఓటింగ్ పెట్టి, అథ్లెటిక్స్ ఫీజు పెంచుకోవడానికి సరే అనిపించుకున్నారు. ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 2011లో. ఓటేసినవాళ్లలో చాలామంది అప్పటికి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటారు. ఫీజు తర్వాత చేరినవాళ్ల బిల్లులోకొచ్చింది.

"ఇప్పుడు ఆటగాళ్లకే డబ్బిస్తున్నారు, అంటే లాభాలున్నట్టేగా" అనేవాళ్లకు తాజా సంగతి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు ఆటగాళ్లకు మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచే వీలొచ్చింది. ఆడేవాడికి వాటా రావడం న్యాయమే. మరి ఎక్కణ్ణుంచి? టెన్నెసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టికెట్ల మీద 10 శాతం అదనంగా వేసింది, చూసేవాడే కడతాడు. 2016, 2018 సీజన్లలో జాతీయ ఛాంపియన్ అయిన క్లెమ్సన్ యూనివర్సిటీ మాత్రం విద్యార్థుల మీద సెమిస్టర్‌కి 150 డాలర్ల అథ్లెటిక్ ఫీజు కొత్తగా పెట్టింది. ఛాంపియనే ఇలా చేతులు చాస్తే మిగతావాళ్ల మాట చెప్పేదేముంది?

బాబాయి కొడుకు ఈ ఫాల్ సెమిస్టర్‌కే అమెరికా వెళ్తున్నాడు. వాడి ఐ20లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, ట్యూషన్, ఫీజులు కలిపి ఒకే అంకె ఉంది. లైను లైనుగా కావాలంటే యూనివర్సిటీ ఫీజుల పేజీ తెరిచి చూడమన్నా. రాత్రి స్క్రీన్‌షాట్ పంపాడు, ఒక లైను చుట్టూ ఎర్ర గీత గీసి: "అన్నయ్యా, ఇదేనా?"