మక్వాన్‌పూర్ కొండల్లో సూదుల వైద్యం: దేన్ని లెక్కపెట్టాలి?

కాఠ్‌మాండూకు దక్షిణాన ఉన్న మక్వాన్‌పూర్ జిల్లా కొండ గ్రామాల్లో బరువులన్నీ మనుషుల వీపు మీదే సాగుతాయి. గడ్డి, కట్టెలు, ఎరువు, ధాన్యం, ఏదైనా సరే డోకో అనే వెదురు గంపలో నింపి, దాని పట్టీని నుదుటికి తగిలించుకుని మెట్ల పొలాల మీదుగా మోసుకుపోవలసిందే. వయసు మళ్లేసరికి మెడ, నడుము, మోకాళ్లు మొరాయిస్తాయి. దానికి తోడు కట్టెల పొయ్యి పొగ ఏళ్ల తరబడి పీల్చడంవల్ల ఆయాసం. ఒంట్లో కొన్ని చోట్ల మందు లేని సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యమే ఆక్యుపంక్చర్. 2008లో నేపాల్‌లో పని మొదలుపెట్టిన ఆక్యుపంక్చర్ రిలీఫ్ ప్రాజెక్ట్ అనే అమెరికా సంస్థ ఇలాంటి ఊళ్లకు ఆ విద్య తెలిసిన స్వచ్ఛంద నిపుణులను పంపుతోంది. వచ్చినవారు కొన్ని వారాలు అక్కడే ఉండి, స్థానిక దుబాసీల సాయంతో రోగులను చూస్తారు.

ఇలాంటి సేవాయాత్రల గురించి చెప్పేటప్పుడు ఎన్ని వేల చికిత్సలు చేశారన్న అంకె ముందుకు వస్తుంది. విరాళం ఇచ్చేవారికి అది సులువుగా అర్థమవుతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. అయితే సూదులు ఎన్ని దిగాయన్నదానికంటే, ఆ సూదుల వంకన రోగికి ఇంకేం అందిందో, నిపుణుడు విమానం ఎక్కాక అందులో ఎంత మిగిలిందో చూడాలని నా అభిప్రాయం.

ముందుగా సూది సంగతే చూద్దాం. దీర్ఘకాలిక నొప్పులపై జరిగిన 39 పరీక్షల్లోని 20,827 మంది రోగుల వివరాలను కలిపి విశ్లేషించి 2018లో ప్రచురించిన అధ్యయనం, ఆక్యుపంక్చర్ చేయించుకోనివారితో పోలిస్తే చేయించుకున్నవారికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికిందని తేల్చింది. ఉత్తుత్తి సూదులతో (పోలిక కోసం, నిజమైన చికిత్సలా అనిపించేలా చేసే నకిలీ సూదులతో) పోల్చినప్పుడు మాత్రం ఆ తేడా బాగా తగ్గిపోయింది. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ నడుము నొప్పిపై 2020లో వెలువరించిన సమీక్ష, ఉత్తుత్తి సూదులకూ అసలు సూదులకూ మధ్య రోగికి తెలిసేంత తేడా కనిపించలేదనే చెప్పింది. అంటే ఉపశమనం నిజమే కానీ, అందులో ఎంత భాగం సూదిదో, ఎంత భాగం పక్కన కూర్చుని శ్రద్ధగా వినే మనిషిదో విడదీయడం కష్టం. నగరంలోని ఆసుపత్రికి ఈ ప్రశ్న ఇబ్బందికరమే. నొప్పి బిళ్ల తప్ప మరో దారి లేని కొండ ఊరిలో దాని బరువు కాస్త తక్కువ. ఎక్కువకాలం నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒకసారి వాడి పారేసే శుభ్రమైన సూదిని నేర్చిన చెయ్యి గుచ్చితే ఆ బాధ లేదు.

అసలు విశేషం మరొకచోట ఉంది. ఆక్యుపంక్చర్‌కు ఒకసారి వస్తే సరిపోదు; వారానికి రెండు మూడు సార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ అరగంట పడుకోవాలి. ఆ అరగంటలో రక్తపోటు చూస్తారు, పాత చీటీలు అడుగుతారు, మందు ఎందుకు మానేశావని ఆరా తీస్తారు. మోకాళ్ల నొప్పి అని వచ్చిన మనిషికి అదుపులో లేని రక్తపోటు ఉందని బయటపడేది అక్కడే. పక్షవాతం వచ్చినవారికి చెయ్యీ కాలూ ఆడించే వ్యాయామం నేర్పడానికి వీలు చిక్కేదీ అక్కడే. మన పల్లెల్లో పండగకో, ప్రముఖుల జయంతికో పెట్టే ఉచిత వైద్య శిబిరంతో దీన్ని పోల్చి చూడండి. ఒక్క పూటలో వందలమందిని చూసి, బీపీ బిళ్లలు పది రోజులకు చేతిలో పెట్టి పంపితే, పదకొండో రోజున ఆ రోగి సంగతి అడిగే దిక్కు ఉండదు. (సూది వేయనిదే వైద్యం కాదనుకునే నమ్మకం మన దగ్గరా బలమైనదే కనుక, మందు లేని సూదికి అక్కడ జనం ఎందుకు వస్తారన్నది మనకు పెద్ద వింతగా తోచదు.)

ఈ మేలులోనే ముల్లు కూడా ఉంది. అమెరికాలో ఆక్యుపంక్చర్ నిపుణులకు రాష్ట్రాలు ఇచ్చే ప్రత్యేక లైసెన్సు ఉంటుంది తప్ప మందులు రాసే అధికారం సాధారణంగా ఉండదు. అదే మనిషి కొండ ఊరికి రాగానే జనం దృష్టిలో డాక్టరైపోతాడు. క్షయ, గుండెపోటు, ముదిరిన చక్కెర జబ్బు ఎదురైనప్పుడు సూది పక్కనపెట్టి రోగిని జిల్లా ఆసుపత్రికి పంపే నియమం రాతపూర్వకంగా ఉందా, పంపినవారు నిజంగా చేరారో లేదో ఎవరు కనుక్కుంటున్నారు అన్నవి ఏ సంస్థనైనా మొదట అడగవలసిన ప్రశ్నలు. సొంత ఊరిలో చేయడానికి అనుమతి లేని పనిని పరాయి దేశపు పేదవాడి మీద చేయడం సేవ కిందకు రాదు.

మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు ఉగాండాలో ఒక జవాబు వెతికారు. పాన్ ఆఫ్రికన్ ఆక్యుపంక్చర్ ప్రాజెక్ట్ తన శక్తిని ప్రధానంగా అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు సూదుల పని నేర్పడంపై పెట్టింది. నేపాల్‌కు ఆ పునాది ముందే ఉంది. 1988లో మొదలైన మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తల వ్యవస్థలో నేడు 50 వేలమందికి పైగా ఉన్నారు. విదేశీ నిపుణుడు రాసిన రోగి వివరాలు వీరి చేతికి, స్థానిక ఆరోగ్య కేంద్రానికి అందకపోతే, తర్వాతి బృందం ప్రతిసారీ మొదటికే రావలసి ఉంటుంది.

ఇందులో మన దేశానికీ ఒక పాత అనుభవం ఉంది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో కన్నుమూశారు. సహచరుడు బిజయ్ కుమార్ బసు తిరిగి వచ్చారు. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కోల్‌కతాలో చికిత్స మొదలుపెట్టి, ఇతరులకూ నేర్పారు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికంటూ ఒక చట్టం చేసింది. ఒక వైద్యుడు నేర్చుకుని వచ్చిన విద్య ఆ రాష్ట్ర చట్టానికి జవాబు చెప్పే స్థితికి చేరడానికి సుమారు నాలుగు దశాబ్దాలు పట్టింది.