మా పెదనాయనకు సీమ యాస రాదట

కర్నూలులో పుట్టి, కర్నూలు బడులలోనే ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పి, ఊరు దాటి వరుసగా రెండు రాత్రులు ఎక్కడా నిద్ర చేయని మా పెదనాయనకు రాయలసీమ యాస రాదన్న సంగతి మొన్నమొన్నటి దాకా మా వంశంలో ఎవరికీ తెలియదు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలెవరూ పసిగట్టలేకపోయిన ఈ లోపాన్ని, ఒక ఉదయం కొండారెడ్డి బురుజు ఎదుట, టీ తాగినంత సేపట్లో కనిపెట్టిన ఘనత ఒక సహాయ దర్శకుడికి దక్కింది. ఆ అబ్బాయికి ఇరవై అయిదేళ్ళు ఉంటాయి. సీమలో అడుగు పెట్టడం తనకు అదే మొదటిసారి అని అతనే చెప్పాడు. ప్రతిభ గలవారికి అనుభవంతో పని లేదని పెద్దలు ఎందుకన్నారో నాకు ఆ రోజు అర్థమయింది.

వాళ్ళు తీయడానికి వచ్చింది పేరడీ సినిమా. పేరడీ అంటే ఏమిటో తెలియని వారు ఉండరు గానీ, నిర్వచనం చెప్పడం వ్యాసకర్త ధర్మం కనుక చెబుతున్నాను. కోట్లు వసూలు చేసిన సినిమాలలో నుంచి జనానికి కంఠతా వచ్చిన ఘట్టాలను ఏరుకొచ్చి, వాటికి ఒక వంకర తగిలించి, మొదటిసారి ఈల వేసిన వాళ్ళనే రెండోసారి నవ్వించి, రెండుసార్లూ టికెట్టు కొనిపించే విద్యకు ఆ పేరు. ఈ సినిమా కథానాయకుడు బ్రూస్ లీ వేసుకున్నలాంటి నల్లచారల పసుపుపచ్చ సూటు తొడుక్కుని, దాని మీద పంచె బిగించి, రెండు వేటకొడవళ్ళను గొలుసుతో కలిపి తయారు చేసిన నాన్‌చాకును తిప్పుకుంటూ బురుజు మీద నుంచి దూకుతాడు. కింద ఇరవై మంది మీసాలవాళ్ళు నిలబడి ఉంటారు. వారిలో ముందు వరుసలో ఉండే ఊరి పెద్ద వేషానికి మా పెదనాయన మీసం ఎంపికయింది. ఎంపికయింది మీసమే; మనిషి దాని వెంట వెళ్ళాడు. ఒక పూట భోజనం, అయిదు వందల రూపాయలు, ఒకే ఒక్క మాట: ‘రేయ్, ఈడ్ని వదలొద్దప్పా!’

నేను తోడు వెళ్ళాను. మొదటి టేకులో పెదనాయన ఆ మాటను తనకు వచ్చిన తీరులో అన్నాడు. అరుగు మీద కూర్చుని, దారిన పోయే పిల్లవాణ్ణి ‘యాడికి పోతాండావు నాయనా ఇంత ఎండలో’ అని అడిగే గొంతుతోనే, కాస్త గట్టిగా, ‘ఒరేయ్, వాన్ని ఇడ్సాకండ్రా’ అన్నాడు.

కెమెరా ఆగిపోయింది. సహాయ దర్శకుడు చేతిలో కాగితాలతో పరుగెత్తుకొచ్చి, ఎంతో మర్యాదగా, ‘తాతగారూ, ఇది తెలంగాణ యాసలా వినిపిస్తోంది. మనకు రాయలసీమ కావాలండీ’ అన్నాడు.

పెదనాయన ముందు అతని వైపు, తరువాత బురుజు వైపు, ఆ తరువాత నా వైపు చూశాడు. బురుజు కూడా ఏమీ అనలేదు. అప్పుడా అబ్బాయి యాస పాఠం మొదలుపెట్టాడు. దవడను ఎడమ పక్కకు జరిపాడు. కళ్ళు ఎర్రబడేదాకా రెప్ప వేయకుండా నిలిచాడు. తొడ మీద ఒకటి చరిచి, ‘రేయ్య్... ఈడ్నీ... వదలొద్దప్పా!’ అని అరిచాడు. దగ్గరలో బజ్జీలు వేయిస్తున్న ఆమె ఉలిక్కిపడి జల్లిగరిటె నూనెలో వదిలేసింది. ‘అప్పా ముఖ్యమండీ, చివర్న అప్పా పడాలి. అప్పా లేకపోతే సీమ ఎలా అవుతుంది?’ అని అతను ముగించాడు.

పెదనాయనలోని తెలుగు పండితుడు మేలుకున్నాడు. ‘అబ్బీ, రేయ్ అని కేకేసినోన్ని మళ్ళా అప్పా అనేదెట్ల? రేయ్ అంటే కసరడం, అప్పా అంటే మంచి చేసుకోడం. రెండూ ఒగే మాటలో యాడ పడతాయి? వదలొద్దు అని మేము అనం. ఇడ్సాకు అంటాం. పోవాకు, సెప్పాకు, ఇడ్సాకు. అదీ ఈడి వ్యాకరణం’ అని వివరించాడు. ఆ అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. విని, జేబులో నుంచి ఫోను తీసి, ఒక పాత ఫ్యాక్షన్ సినిమా ముక్క పెట్టి, పెదనాయన చెవి దగ్గర పట్టుకుని, ‘ఇదిగోండి, ఒరిజినల్’ అన్నాడు.

ఆ తరువాత పదకొండు టేకులయ్యాయి. నాలుగోదానికి తొడ సరిగా మోగలేదు. ఆరోదానికి మోగింది గానీ అప్పా మరిచిపోయాడు. తొమ్మిదోదానికి అప్పా పడింది, రేయ్ పడలేదు. పన్నెండో టేకుకు విసిగిపోయిన సహాయ దర్శకుడు, ‘తాతగారూ, మీరు ఊరికే పెదవులు ఆడించండి చాలు. ఏదో ఒకటి చదవండి. గొంతు మేం డబ్బింగులో చూసుకుంటాం’ అని సెలవిచ్చాడు. ఏదో ఒకటి అంటే పెదనాయనకు వచ్చింది పద్యమే కనుక, కెమెరా ముందు తొడ చరిచి, కళ్ళు ఉరిమి, కంచు మోగినట్లు బంగారం మోగదని చెప్పే వేమన పద్యాన్ని మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా చదివాడు. ‘సూపర్ తాతగారూ’ అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక్కడ పేరడీ కళాకారుల కష్టాన్ని కూడా సానుభూతితో అర్థం చేసుకోవాలి. వెక్కిరించడానికి అసలు సినిమాలు ఏం మిగిల్చాయి గనుక? తొడ చరిస్తే రైలు వెనక్కి నడిచిన దృశ్యాన్ని 2003లోనే పూర్తి గంభీరంగా, నేపథ్య సంగీతంతో సహా తీసి చూపించాక, దాన్ని ఇంకొంచెం పెంచమంటే పాపం ఎవరైనా ఎటు పెంచుతారు? సుమంత్ మూల్గావ్‌కర్ అనే పెద్దాయన పేరులోని అక్షరాలతో టాటా వారు 1994లో సుమో అనే బండిని నేల మీద నడపడానికి తయారు చేస్తే, అది గాలిలో మూడు పల్టీలు కొట్టి పేలడానికే పుట్టిందని మన సినిమాలు తీర్మానించాయి. కంపెనీ 2019లో దాని తయారీ ఆపేసింది. మనం పేల్చడం ఆపలేదు. ‘ఒక్కడు’లో కథానాయకుడు మా కొండారెడ్డి బురుజు దగ్గర విలన్‌ను కొట్టిన పదిహేడేళ్ళకు, 2020లో వచ్చిన అదే కథానాయకుడి ఇంకో సినిమా కోసం ఆ బురుజునే హైదరాబాదు శివార్లలో సెట్టుగా వేశారు. తమ సినిమాను తామే అనుకరించుకునే దశకు పెద్ద సినిమాలు చేరుకున్నాక పేరడీ వాళ్ళకు ఉపాధి ఎక్కడిది? 2012లో వచ్చిన ‘సుడిగాడు’ పదుల కొద్దీ తెలుగు సినిమాలను కలిపి ఉతికి ఆరేసింది, జనం నవ్వారు, నేనూ నవ్వాను. అయితే అది 2010 నాటి ‘తమిళ్ పడం’కు రీమేకు. మనల్ని మనం వెక్కిరించుకోవడానికి కూడా పొరుగువారి దగ్గర హక్కులు కొనుక్కోవలసి వచ్చిన జాతి భూమి మీద ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఆ పసుపుపచ్చ సూటు సంగతికి వస్తాను. బ్రూస్ లీ 1973 జూలైలో కన్నుమూశాక, హాంకాంగ్ చుట్టుపక్కల నిర్మాతలు కన్నీళ్ళు తుడుచుకుని వెంటనే పనిలో పడ్డారు. బ్రూస్ లి అని ఒకడు, బ్రూస్ లె అని ఇంకొకడు, డ్రాగన్ లీ అని మరొకడు వచ్చారు. దీర్ఘాలు, హ్రస్వాలు సవరించి మనుషులను తయారు చేసిన ఆ కాలాన్ని చూసి, 1978లో సామో హంగ్ అనే లావుపాటి నటుడు ‘ఎంటర్ ది ఫ్యాట్ డ్రాగన్’ తీశాడు. అందులో అతను బ్రూస్ లీని దేవుడిలా కొలిచే పల్లెటూరి పందుల కాపరి. పట్నం వచ్చి, సినిమా షూటింగులో చిన్న వేషానికి కుదిరి, అక్కడ బ్రూస్ లీలా ఎగురుతున్న నకిలీ వీరుణ్ణి పట్టుకుని చితకబాదుతాడు. ఆ కొట్టే దెబ్బలు, ఆ కాళ్ళ ఆట అచ్చం బ్రూస్ లీవి. ఎందుకంటే ‘ఎంటర్ ది డ్రాగన్’ మొదట్లో బ్రూస్ లీతో తలపడింది ఈ సామో హంగే. ఎవరిని అనుకరిస్తున్నాడో వారి చేతి దెబ్బ తిన్నవాడు. అందుకే అతని వెక్కిరింత నకిలీకి తగిలింది, అసలుకు తగలలేదు.

అదే ఏడాది జాకీ చాన్ ‘డ్రంకెన్ మాస్టర్’లో చేసింది కూడా ఇలాంటిదే. క్వాన్ టాక్-హింగ్ అనే నటుడు డెబ్బైకి పైగా సినిమాలలో ఋషిలా చూపించిన వాంగ్ ఫెయ్-హుంగ్ అనే కుంగ్‌ఫూ గురువును, తండ్రి మాట వినని పోకిరి కుర్రవాడిగా మార్చాడు. నవ్వు తెప్పించడానికి ముందు ఆ విద్యను చిన్ననాటి నుంచి ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్నాడు. అంత దూరం ఎందుకు? మూకీల నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్ 1923లో అమెరికా కుటుంబ కక్షల మీద తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ నుంచి స్ఫూర్తి పొంది 2010లో ‘మర్యాద రామన్న’ మా సీమకే వచ్చింది. గడప లోపల అతిథికి అన్నం పెట్టి, గడప దాటితే నరకాలన్న పంతాన్ని చూసి నవ్వింది. పంతాన్ని చూసి నవ్వితే మాకు కోపం లేదు. ఆ పంతాల సంగతి మాకే బాగా తెలుసు.

సీమ ఫ్యాక్షన్ సినిమాలకు కూడా ఒక బ్రూస్ లీ ఉండేవాడు. ఆయన పేరు జయప్రకాశ్ రెడ్డి. అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్ళ మనిషి. సినిమాలకు ముందు లెక్కల మాస్టారు. 1999లో ‘సమరసింహారెడ్డి’లో ఆయన నోరు విప్పితే తెర మీద మా ఊరి మాట వినిపించింది, ఆ మాటలోని వెటకారం, వేడి, నిదానం అన్నీ వినిపించాయి. ఆయన తరువాత వచ్చినదంతా బ్రూస్ లి, బ్రూస్ లె. సీమ మొగం చూడని వాళ్ళు ఆయన గొంతును అనుకరించారు, వాళ్ళను చూసి ఇంకొకరు అనుకరించారు, ఆ మూడో తరం నకలును వెక్కిరిస్తున్నామని చెప్పుకుంటూ ఇప్పుడీ పసుపుపచ్చ సూటు వచ్చింది. వచ్చి నకలును అసలు అనుకుంది, అసలును తప్పు అంది. హీరోను వెక్కిరిస్తామని బయలుదేరిన సినిమాలో హీరో క్షేమంగా ఉన్నాడు, అతని జుట్టు కూడా చెదరలేదు. నవ్వులపాలయింది కింద నిలబడిన ఇరవై మంది.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు, పాఠకులు క్షమించాలి. మా తమ్ముడి కూతురు హైదరాబాదులో కోచింగుకు వెళ్ళి హాస్టల్లో చేరిన రోజున, ఊరి పేరు వినగానే అక్కడి యజమానురాలు నవ్వుతూ, ‘బ్యాగులో బాంబులు గానీ తెచ్చావా అమ్మా?’ అని అడిగిందట. బ్యాగులో ఉన్నది వాళ్ళమ్మ దంచి ఇచ్చిన బుడ్డల పొడి, అంటే వేరుశెనగ పొడి. పదిహేడేళ్ళ పిల్ల. ఆ రోజు నుంచి అది ఫోనులో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే ‘తిన్యావా’ అనదు, ‘తిన్నారా’ అంటుంది. మా దగ్గర ‘పోవాకు’ అన్న పిల్ల అక్కడ ‘వెళ్ళొద్దు’ అంటుంది. ఎవరు నేర్పారు దానికి ఈ సిగ్గు? క్రీస్తుశకం 575 నాటిదని పండితులు లెక్కగట్టిన కలమల్ల శాసనం కడప జిల్లాలో ఉంది. రేనాటి చోళ రాజు ధనంజయుడు తెలుగులో రాయించిన రాయి అది. మీరు సినిమా తీయడానికి వాడుకుంటున్న భాషను రాతి మీద చెక్కిన నేల ఇది. ఈ నేల మీద నిలబడి, డెబ్బై రెండేళ్ళ తెలుగు మాస్టారి మొగం మీద, నీ మాట నీది కాదు, మేం చెప్పిందే నీ మాట అంటారా? దానికి హాస్యం అని పేరు పెడతారా? కక్షలలో నిజంగా మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఈ జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరు కూడా తొడ చరచగా నేను చూడలేదు. పొద్దు గూకితే తలుపు గడియ పెట్టుకోవడం మాత్రం చూశాను. మీకు నవ్వు రావాలంటే తొడ చరిచి కోట్లు సంపాదించిన వాళ్ళను చూసి నవ్వండి. అంత ధైర్యం మీకు ఎందుకుండదో నాకు తెలుసు. రేపు వాళ్ళ దగ్గర డేట్లు కావాలి.

సరే. సినిమా విడుదలయింది. మా కుటుంబం మొత్తం మొదటి రోజు రెండో ఆటకు వెళ్ళాము. ఇంటర్వెల్ దాటిన కాసేపటికి బురుజు కనిపించింది, మీసాలు కనిపించాయి, ముందు వరుసలో పెదనాయన తొడ చరిచాడు. ఆయన పెదవులు నిదానంగా, ఛందస్సు తప్పకుండా, వేమన పద్యం చదువుతున్నాయి. తెర వెనుక నుంచి మాత్రం ఎవరిదో రంపం కోసినట్లున్న గొంతు, ‘రేయ్య్... ఈడ్నీ... వదలొద్దప్పా!’ అని అరిచింది. పద్యం పెద్దది కాబట్టి, మాట అయిపోయాక కూడా పెదనాయన నోరు ఇంకా రెండు పాదాలు కదులుతూనే ఉంది. హాలంతా ఘొల్లుమంది. పేరడీ అనుకున్నారు. చీకట్లో పెద్దమ్మ నా వైపు ఒరిగి, ‘ఆ గొంతు ఎవురిదిరా? నీ పెదనాయనకు గొంతు లేదనుకున్యారా?’ అని అడిగింది. పెదనాయన విననట్లే కూర్చున్నాడు.

బయటికి వచ్చాక, బుడ్డలు అమ్మే బండి దగ్గర పదేళ్ళ పిల్లవాడొకడు ఆయనను గుర్తుపట్టాడు. కర్నూలు పిల్లవాడే. ‘తాతా, సినిమాలో ఉండేది నువ్వే కదా? ఒగసారి ఆ డైలాగు చెప్పవా’ అని చెయ్యి పట్టుకున్నాడు. పెదనాయన మొగం విచ్చుకుంది. పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, తన గొంతుతో, ‘ఒరేయ్, వాన్ని ఇడ్సాకండ్రా’ అన్నాడు.

పిల్లవాడు కాసేపు చూసి, ‘అట్ల కాదు తాతా, సీమోళ్ళు మాట్లాడినట్ల చెప్పు’ అన్నాడు.

పెదనాయన పొట్లం నా చేతికిచ్చి గొంతు సవరించుకున్నాడు.