సవరణ: మావయ్యకు పెట్టింది కృత్రిమ గుండె కాదు

పర్లాకిమిడి నుంచి విశాఖ తీసుకెళ్లి మావయ్యకు బైపాస్ చేయించిన సంగతి మొన్న రాశాను. ఆపరేషన్ తర్వాత గుండె పుంజుకోకపోతే "కృత్రిమ గుండె అమర్చారు, అందులో ఆక్సిజన్ నింపుతారు" అన్నాను. రెండూ తప్పే. అది చదివి గుణుపురం పిన్ని ఏడుస్తూ ఫోన్ చేసింది. క్షమించండి.

పెట్టింది బెలూన్ పంపు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం ఎక్కించి, గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమనిలో పొడవాటి బెలూన్ ఉంచుతారు. గుండె సేదతీరే క్షణంలో అది ఉబ్బి, గుండె కండరానికి రక్తం బాగా అందేలా చేస్తుంది. గుండె ముడుచుకోబోయే ముందు చప్పున కుంచించుకుపోయి దాని మీద భారం తగ్గిస్తుంది. కొట్టుకునేది మాత్రం మావయ్య గుండే! లోపల నింపేది హీలియం. బాగా తేలికైన వాయువు కాబట్టి అంత వేగంగా వెళ్లి రాగలదు. 1960ల చివరి నుంచీ వాడుతున్న పద్ధతే ఇది.

ఆక్సిజన్‌తో పనిచేసే ఎక్మో అనే యంత్రం వేరు. అది రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి తిరిగి పంపుతుంది.

కాలికి రక్తం తగ్గే ప్రమాదం ఉందని సిస్టర్ మాటిమాటికీ పాదం ముట్టుకుని నాడి చూసేది. నాడి దొరికిన చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టింది. నాలుగో రోజు బెలూన్ తీసేశారు.

"మెషిన్ పెట్టారంటే ఆశ వదులుకోవడమే" అన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను. అందరికీ ఫలిస్తుందని కాదు, కానీ దాన్ని పెట్టేది గుండెకు కోలుకునే వ్యవధి ఇవ్వడానికే. మొన్నటి రాతలో ఆ మూడు వాక్యాలూ మార్చేశాను.