బల్దియా పంచాంగం: ఆదాయం వాళ్లది, గడువు మనది

ఉగాదికి గుళ్లో అయ్యగారు చదివే పంచాంగం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఊళ్లో ఇల్లు కట్టుకుని నల్లా కనెక్షన్ తీసుకుని బతికేవాడికి ఏడాది ఎలా గడవబోతుందో కచ్చితంగా చెప్పగలిగేవి మాత్రం మున్సిపాలిటీ నోటీసులే. పండగ ఏ రోజో తేల్చలేక పంచాంగకర్తలు ఏటా టీవీల్లో కొట్టుకుంటారు, ఇక్కడ ఆ గొడవే లేదు. ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తాయి, ప్రతి ఏడూ అవే వస్తాయి, అదే వరసలో వస్తాయి, కమిషనర్ గారి సంతకం ఒక్కటే మారుతుంది. కాబట్టి ఊరి జనం మేలు కోరి ఈ ఏటి బల్దియా పంచాంగ శ్రవణం నేను చేస్తున్నా, దక్షిణ అవసరం లేదు.

ముందు శ్రవణం ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. మా ఊళ్లో ప్రజలకి సమాచారం అందాలని వాట్సాప్ గ్రూప్ పెట్టారు. అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేరు. దీని మీద కొందరు గొణుగుతున్నారు కానీ నేను పూర్తిగా సమర్థిస్తున్నా, జనం మాట్లాడ్డం మొదలుపెడితే సమాచారం పాడైపోతుంది. మనకి ఎమోజీ పెట్టే హక్కు మాత్రం ఇచ్చారు, దాన్ని మనవాళ్లు ఎంత బాధ్యతగా వాడుతున్నారంటే రెండ్రోజులు నల్లా రాదు అన్న మెసేజ్ కింద కూడా వరసగా దండాలే. చట్టంలో అయితే ఇంకా పెద్ద ఏర్పాటు ఉంది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు, యువకులకి ఒకటి, ఆడవాళ్లకి ఒకటి, పెద్దవాళ్లకి ఒకటి, ప్రముఖులకి ఒకటి, ఒక్కోదాంట్లో 15 మంది, మొత్తం 60 మంది. మా వార్డులో ఆ 60 మంది ఎవరో నేను చాలా చోట్ల అడిగా. టీ కొట్టాయన తప్పకుండా ఉండే ఉంటారన్నాడు. ప్రముఖుల కమిటీ అయితే మరీ ప్రముఖంగా దాక్కుంది.

ఇక నవనాయకులు. రాజు ఎవరన్నది కాస్త చిక్కు, దాని సంగతి తర్వాత చెప్తా. మంత్రి కమిషనర్, ఆయన బదిలీలో ఉంటాడు కాబట్టి ఇన్‌ఛార్జి కమిషనర్. సేనాధిపతి బిల్ కలెక్టర్. మేఘాధిపతి ఎవరో మీకు చెప్పక్కర్లేదు, గల్లీ చివర వాల్వ్ తిప్పే ఆయన, ఆయన చేతిలో ఉన్న ఇనప రాడ్డు ముందు కలెక్టర్ గారి ఆర్డర్ కూడా బలాదూర్. పశునాయకుడి పదవికి కుక్కలు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాయి, ఊళ్లో టైముకి జరిగిన ఎన్నిక అదొక్కటే.

ఏప్రిల్ ఫలం చాలా శుభం. ఎర్లీ బర్డ్ స్కీమ్. ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. మా మామయ్య లాంటి వాళ్లు దీనికోసం మార్చి జీతంలోంచే పక్కన పెట్టుకుని, ఏప్రిల్ మొదటి వారంలోనే కట్టి, రసీదు లామినేషన్ చేయించి బీరువాలో పెడతారు. మీరు అలా కట్టలేదనుకోండి, తర్వాత తర్వాత నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. అది పెరిగి పెరిగి కొండంత అయ్యాక, ఒక శుభముహూర్తాన సర్కారు వన్ టైమ్ స్కీమ్ ప్రకటిస్తుంది, బకాయి అంతా ఒకేసారి కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ. హైదరాబాద్‌లో ఈ వన్ టైమ్ 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, 2024లో వచ్చింది. వన్ టైమ్ అంటే ఒకసారికి ఒకటి అన్నమాట. మామయ్యకి ఇది వివరించడానికి ప్రయత్నించా, మీకు 5, ఎగ్గొట్టినాయనకి 90, అది పన్ను మీద కాదు మామయ్యా వడ్డీ మీద మాత్రమే అని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నేను కూడా ఎగ్గొట్టి ఉంటే నాకూ 90 వచ్చేదా అనడిగాడు. వచ్చేది మామయ్యా అన్నా. అప్పట్నుంచి లామినేషన్ మానేశాడు.

మే నెలలో నీళ్ల నోటీసు. మోటార్లు బిగించి నీళ్లు లాగితే కనెక్షన్ కట్, మోటార్ సీజ్, జరిమానా. చాలా న్యాయం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ లెక్కలో మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు రావాలి, మా గల్లీలో మోటార్ పెడితే వస్తాయి, పెట్టకపోతే పక్కింటాయనకి వస్తాయి. నోటీసు వచ్చిన రోజు ఊరంతా మోటార్ల మీద గోనెసంచి కప్పుతారు, తనిఖీకొచ్చిన వాళ్లు కూడా మర్యాదస్తులు, గోనెసంచి కింద ఏముందని అడగరు. పైప్‌లైన్ పగిలితే ఇంకో నోటీసు: సాంకేతిక కారణాల వల్ల నీటి సరఫరా నిలిపివేయడమైనది, ప్రజలు సహకరించగలరు. అప్పటికి మూడు రోజుల నుంచి నీళ్లు లేకుండా మనం సహకరిస్తూనే ఉంటాం, ఆ సహకారానికి ఇప్పుడు లిఖితపూర్వకంగా గుర్తింపు వచ్చిందన్నమాట.

జూన్‌లో మోరీల పూడిక తీస్తున్నామని ఫోటోతో సహా వస్తుంది. తీసిన పూడిక మోరీ పక్కనే గట్టుగా పోస్తారు, ఆరితే తీసుకెళ్తారు. ఆరేలోపు వాన వస్తుంది. మళ్లీ మోరీలోకి. ఇందులో ఎవరి తప్పూ లేదు, మట్టి దాని సొంతూరికి అది వెళ్లింది.

జులైలో మొక్కలు. ఇక్కడ మాత్రం చట్టం చాలా గట్టిది, నవ్వొద్దు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే వార్డు మెంబర్ పదవే పోతుందని 2019 చట్టం పెట్టారు. చట్టం వచ్చినప్పుడు ఊళ్లో చాలామంది మేకలకి రాజకీయ ప్రాధాన్యం వచ్చిందని సంతోషించారు, ఒక్క మేక మనసు పెట్టి పనిచేస్తే ఏ కౌన్సిలర్ పదవైనా తీసేయగలదు. మా వార్డులో రోడ్డు పొడుగూతా ట్రీగార్డులు ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉన్నాయి, వాటికి స్పాన్సర్ల పేర్లు కూడా బతికే ఉన్నాయి, లోపల మొక్క ఒక్కటే లేదు. శాతం దేన్ని బట్టి లెక్కేస్తారో నాకు తెలీదు కానీ ట్రీగార్డులు లెక్కేస్తే వందకి వంద.

చెత్త సంగతి ఏడాది పొడుగునా నడిచేది కాబట్టి దీన్ని నిత్యకర్మ కింద చదువుకోవాలి. పొద్దున్నే స్వచ్ఛ ఆటో పాట పెట్టుకుని వస్తుంది, తడి చెత్త వేరు పొడి చెత్త వేరు, 2016 రూల్స్‌లో అయితే ప్రమాదకరమైన ఇంటి చెత్త ఇంకో వేరు అన్నారు. మా ఆవిడ నిష్ఠగా మూడు బకెట్లు పెట్టింది. ఆటో అన్న మూడింటినీ వినయంగా తీసుకుని ఒకే తొట్లో పోస్తాడు. అన్నా అదేంటని అడిగితే, మేడమ్ మీరు వేరు చెయ్యాలని రూల్, మేము కలపొద్దని మాకెవరూ చెప్పలే అన్నాడు. పాపం ఆయన్ని ఏమంటాం, వేలల్లో ఉండే జీతం కూడా నెలల తరబడి రాదు వాళ్లకి, దాని గురించి గ్రూప్‌లో నోటీసు నేనైతే చూడలేదు. ఆంధ్రాలో ఇంకో ప్రయోగం చేశారు, 2021లో చెత్తకి నెలనెలా యూజర్ ఛార్జీ పెట్టారు, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి తీసేస్తామంది. మధ్యలో మా చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అన్నయ్యా ఇక్కడ చెత్త పడెయ్యడానికి కూడా డబ్బులే అని వాపోయేది, ఇప్పుడు ఆ టాపిక్ పోయి మాకు మాట్లాడుకోడానికి ఏం లేక ఫోన్లు తగ్గాయి.

కుక్కల నోటీసు ప్రజలకి వస్తుంది, కుక్కలకి రాదు. వీధికుక్కల పట్ల అప్రమత్తంగా ఉండాలి, పరిగెత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు. మనకి ఇన్ని నియమాలు. 2023 ఏబీసీ రూల్స్, అంటే జంతువుల సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కని పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వార్డుల్లో వాటికి తిండి పెట్టడానికి ప్రత్యేకంగా చోటు చూపించమని కూడా చెప్పింది. అంటే పట్టుకెళ్తారు, వైద్యం చేయిస్తారు, తిరిగి ఇంటి దగ్గర దింపుతారు, భోజనానికి స్థలం కేటాయిస్తారు. పేపర్ మీద ఈ ఊళ్లో ఇంత చక్కటి పౌరసేవ అందుకునే ప్రాణి ఇంకోటి లేదు, ఓటు లేనందుకే వాటికి ఇన్ని వచ్చాయని మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టర్ గారి అనుమానం.

ఇప్పుడు అసలు అధ్యాయం, గడువులు. బల్దియా నోటీసు ఏది తీసుకున్నా అందులో ఒక చివరి తేదీ ఉంటుంది, ఆ తేదీ మనకే. ఇంటి పన్ను సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో కొలత తప్పు చెప్పావా, 25 రెట్లు జరిమానా అని చట్టంలోనే ఉంది. మోరీ ఎప్పటికి కడతారు, రోడ్డు తవ్వినోళ్లు ఎప్పుడు పూడుస్తారు అన్న దగ్గర మాత్రం తేదీ బదులు త్వరలో అని ఉంటుంది. ఎల్ఆర్ఎస్ చూడండి. 2020లో అక్రమ లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్లు క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టుకోవాలి, ఇదే ఆఖరి ఛాన్స్ అంటే జనం వెయ్యి రూపాయలు కట్టి మీసేవ ముందు క్యూలు కట్టారు, 25 లక్షలకి పైగా అప్లికేషన్లు పడ్డాయి. తర్వాత అటు వైపు ఏళ్ల తరబడి నిశ్శబ్దం. 2025లో నిద్ర లేచి, మార్చి 31 లోపు కడితే 25 శాతం తగ్గిస్తాం, ఇదే గడువు అన్నారు. మా బావమరిది అప్పు చేసి మార్చి 30న కట్టి గుండె మీద చెయ్యేసుకున్నాడు. గడువు ఏప్రిల్ 30కి పెంచారు. ఆ తర్వాత కూడా పెంచారు. వడ్డీ లెక్క చూసుకుని వాడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, తొందరగా కట్టమని చెప్పింది నేనేనట.

ఇక రాజుగారి సంగతి. రాజ్యాంగంలో 74వ సవరణ అని ఒకటుంది, 1993 జూన్ నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీ పాలకవర్గానికి ఐదేళ్లు, ఆ ఐదేళ్లు అయ్యేలోపే తర్వాతి ఎన్నిక పూర్తి చెయ్యాలి అని అందులో రాసుంది. ఇది కూడా ఒక చివరి తేదీయే, కాకపోతే వాళ్లది. 2025 జనవరి నెలాఖరుకి తెలంగాణలో చాలా మున్సిపాలిటీలకి ఐదేళ్లు నిండాయి, ఎన్నికలు లేవు, ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చున్నారు, ఏడాదంతా వాళ్లే కూర్చున్నారు. పన్ను కట్టనోళ్ల గేటుకి అంటించినట్టు రెడ్ నోటీసు ఎవరూ అంటించలేదు. ఆఫీసు ముందు డప్పు కొట్టలేదు. నాకు లెక్కలంటే ఇష్టం కాబట్టి మన ఇంటి పన్ను పద్ధతిలోనే లెక్కేశా, 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబర్ దాకా 11 నెలలు, నెలకి 2 శాతం చొప్పున 22 శాతం. అంటే ప్రతి 30 వార్డుల ఊరికీ సర్కారు ఆరున్నర మంది కౌన్సిలర్లు వడ్డీ కింద బాకీ. అసలు వాళ్లతోనే వేగలేకపోయాం, ఈ వడ్డీ ఎక్కడ పెట్టుకుంటాం అని నేనైతే 90 శాతం మాఫీ చేసేశా. మిగిలింది ముప్పావు మనిషి లోపే. వన్ టైమ్ స్కీమే, మళ్లీ అడగొద్దు.

మార్చి ఫలం ఉగ్రం. ఏడాదంతా కనపడని బిల్ కలెక్టర్ మార్చిలో రోజూ కనపడతాడు, ఇంటి పేరు పెట్టి పిలుస్తాడు, పిల్లల చదువులు అడుగుతాడు. షాపుల ముందు ఫ్లెక్సీ, గేటుకి ఎర్ర కాయితం, నల్లా కట్ చేస్తామని మైక్‌లో అనౌన్స్‌మెంట్ (ఆ నల్లాలో ఏం వస్తుందని కట్ చేస్తారో ఆ మైకుని అడగాలి). ఆన్‌లైన్‌లో కడదామంటే సర్వర్ బిజీ, కట్టాక రసీదు రాదు, డబ్బులు మాత్రం వెళ్తాయి. కంగారు పడొద్దు, ప్రజల సౌకర్యార్థం ఆదివారాలు, పండగ సెలవులు కూడా కౌంటర్ తెరిచే ఉంటుంది, రాత్రి దాకా ఉంటుంది, కుర్చీలు వేస్తారు, నీళ్ల క్యాన్ పెడతారు. నేను వెళ్లి నా పన్ను కట్టి, పన్లో పని కుక్కల కంప్లైంట్ కూడా తీసుకోండి సార్ అన్నా. ఇవాళ సెలవండీ, సోమవారం రండి అన్నాడు.